పెవిలియన్ మెట్ల కింద: బుచ్చిబాబు నాయుడు

విద్యార్థులారా! అమెరికాలో నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని కాలం ఒకటి ఉండేదనీ, 1947లో జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో ఆడి ఆ అడ్డుగోడను దాటాడనీ మీరు వినే ఉంటారు. అటువంటి గోడ మన పక్కనే, మద్రాసు చేపాక్ మైదానంలో కూడా ఉండేది. నెల్లూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలోనిదే. కాబట్టి ఇది పరాయి కథ అనుకోకండి.

1846లో ఏర్పడిన మద్రాసు క్రికెట్ క్లబ్బు తెల్లవారిది. అక్కడ ఆడటానికి వెళ్ళిన భారతీయులకు పెవిలియన్‌లో చోటు లేదనీ, భోజనం చెట్ల కింద కూర్చుని చేయవలసి వచ్చేదనీ చెబుతారు. ఇది సహించలేకపోయినవాడు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. అందరూ బుచ్చిబాబు అనేవారు. 1868లో పుట్టాడు, మైలాపూరులో స్థిరపడిన సంపన్న తెలుగు కుటుంబం. అవమానాన్ని దిగమింగుకోలేదు, అర్జీలు రాస్తూనూ కూర్చోలేదు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు స్థాపించాడు. యువకులను పోగుచేసి, బ్యాట్లు, దుస్తులు తానే సమకూర్చాడు. ఆటకు ఎంత ఖర్చవుతుందో తెలిసినవారికి ఈ పని విలువ అర్థమవుతుంది.

తర్వాత ఆయన కోరినది ఒక్కటే: భారతీయులు, యూరోపియన్లు సమానస్థాయిలో తలపడాలి. ఆ ప్రెసిడెన్సీ మ్యాచ్ 1908 డిసెంబరులో జరిగింది. చూడటానికి ఆయన లేడు. కొద్దిరోజుల ముందే కన్నుమూశాడు. 1915 నుంచి ఆ పోటీ ఏటా సంక్రాంతి రోజుల్లో జరిగే వేడుకయింది. ఆయన కుమారుడు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. 1936లో, నలభయ్యేళ్ళ వయసులో, మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు.

అయితే ఒక విషయం గమనించండి. బుచ్చిబాబుకు ఎదురైనది జాతి వివక్ష మాత్రమే. దాన్ని ఎదుర్కోవడానికి ఆయన చేతిలో ధనం ఉంది. రాబిన్‌సన్‌తో పోల్చదగినవాడు నా దృష్టిలో పల్వంకర్ బాలూ. ఈ దళిత బౌలర్‌కు పూనాలో పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ ఇచ్చేవారు. ఇచ్చినది తెల్లవారు కాదు, సొంత హిందూ జట్టువారు. 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా ఆయనను హిందూ జట్టుకు కెప్టెన్‌గా నియమించలేదు. ఆ పదవి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది.