అమరేశ్వరుని పక్కన పచ్చిక దిన్నె

గ్రేటర్ నోయిడా ఉన్న జిల్లా 1997లో గౌతమ బుద్ధ నగర్ అనే పేరుతో ఏర్పడింది. ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లం కొందరం ఆ పేరును రోజూ బోర్డుల మీద చదువుతుంటాం. మన సొంత నేల మీది బుద్ధుని చైత్యం ఏమైందో చూడాలని ఒకసారి అమరావతి వెళ్లాం.

అక్కడ ముందుగా కనిపించేది గడ్డి. దాని నడుమ తక్కువ ఎత్తు దిన్నె, చుట్టూ విరిగిన రాతి పలకలు. సుమారు 50 మీటర్ల వ్యాసంతో మహాచైత్యం నిలిచిన చోటు ఇదేనని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. కొద్ది దూరంలో, కృష్ణ ఒడ్డున, అమరేశ్వరాలయం. గుడి వచ్చి స్తూపాన్ని మింగిందని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. గుడిలోని స్తంభం వేరే మాట చెబుతుంది.

ఆ స్తంభం మీద 1182 నాటి కోట కేతరాజు శాసనం ఉంది. ధాన్యకటకంలో అమరేశ్వరుడు ఉన్నాడనీ, ఆ దగ్గరే బుద్ధదేవుని ఎత్తయిన చైత్యం ఉందనీ అందులో రాశారు. రాజు బుద్ధునికి ఊళ్లు ఇచ్చాడు, అఖండ దీపాలు పెట్టించాడు. 1234లో నతవాడి వంశపు ఆడపడుచు ఇంకో దీపం పెట్టించింది. ఈ దిబ్బను ఊరివాళ్లు దీపాలదిన్నె అన్నారు. ఆ దీపాల జ్ఞాపకమే ఆ పేరులో మిగిలిందని మేం నమ్ముతాం. శ్రీలంకలోని గడలదెణియ శాసనం ప్రకారం 1344 నాటికి ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహగృహాన్ని బాగుచేయించాడు. అంటే శివుని పక్కనే బుద్ధుని పూజ కూడా వందల ఏళ్లు సాగింది.

మరి చైత్యం ఎప్పుడు పోయింది? 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త పట్నం కట్టించినప్పుడు రాళ్ల కోసం దిబ్బను తవ్వారు. 1797లో కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి నడుమ చెరువు తవ్వుతున్నారు. చెక్కిన పలకలు కొన్ని గోడల్లోకి, మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి తీసినవి మద్రాసు చేరి, అక్కడి నుంచి లండన్ వెళ్లాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి దక్కాయి. అదే ఏడు మద్రాసు గవర్నరు దిబ్బ మొత్తాన్ని తవ్వించాడు. మరుసటి ఏడాది జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడున్నది పెద్ద గొయ్యి.

దీపాలదిన్నెకు వెళ్లేవాళ్లు గుడికి కూడా వెళ్లండి. కేతరాజు స్తంభం ఎక్కడుందో అర్చకులను అడగండి.