రెడ్ హుక్ కథయందలి యసురులు

నగరమందలి దొంగమూఁకలను పిశాచశక్తులతో ముడివెట్టిన యాంగ్లకథలలో హెచ్. పి. లవ్‌క్రాఫ్టు రచించిన ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ చర్చింపఁదగినది. ఈ యమెరికా రచయిత దీనిని 1925 ఆగస్టులో వ్రాసెను. 1927 జనవరి ‘వియర్డ్ టేల్స్’ సంచికలో నిది వెలువడెను. న్యూయార్కునందలి బ్రూక్లిన్ రేవుపేట కథాస్థలము. వలసవచ్చిన పేదలు ముఠాలు గట్టి, మనుష్యులను దొంగచాటుగా దేశములోనికిఁ దెచ్చుచు, శిశువుల నపహరించి, నేలమాళిగలలో లిలిత్ అను పిశాచి నర్చింతురు. మలోన్ అను పోలీసు డిటెక్టివు దీనిని గని మతి చెదరి, యెత్తైన మేడలను జూచినను వడఁకును.

రచయితకు మంత్రశాస్త్రపరిచయ మల్పము. కథలోని మంత్రపాఠము ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికానుండి గ్రహించినదే. వలసవారియెడ ద్వేషము మాత్ర మాతని సొంతము. 1924లో బ్రూక్లిన్ చేరిన యాతనికి ఉద్యోగము దొరకలేదు. 1925 మేనెలలో గదిలో దొంగలు పడి బట్టలు గొనిపోయిరి. ఆ కసి యంతయుఁ గథ కెక్కెను.

ఆ ముఠాలో యజీదీలను సైతానుపూజకులుగాఁ జేర్చుట మఱింత దోషము. వారు ఏకేశ్వరోపాసకులు, మయూరరూపుఁడగు దేవదూతను గొలుతురు. ఒకరి దైవమును వేఱొకరు పిశాచ మనుట క్రొత్త గాదు. ఋగ్వేదమున వరుణాదులకు స్తుతిపదమైన యసురశబ్దము పిమ్మట దేవవిరోధివాచక మయ్యెను; అందలి యకారము నిషేధార్థక మని యెంచుటచేతనే సురశబ్దము తరువాతఁ బుట్టినది. అవెస్తాలో నహురుఁడే పరమేశ్వరుఁడు, దఏవలు దుష్టభూతములు. అయినను శబ్దము మాఱుట వేఱు, ప్రాణము పోవుట వేఱు. ఈ యపవాదమునే సాకుగాఁ గొని 2014 ఆగస్టులో ఇస్లామిక్ స్టేట్ సేనలు ఇరాకులోని సింజారుపైఁ బడి వేలకొలఁది యజీదీలను జంపి, స్త్రీలను బానిసలుగాఁ గొనిపోయినవి.

2016లో విక్టర్ లావాల్ అను నల్లజాతి రచయిత ‘ది బాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’ అను నవలికలో నీ కథనే హార్లెమ్ యువకుని పక్షమునుండి తిరిగి చెప్పెను. అందు యువకుని తండ్రిచేతి గిటారును తుపాకి యనుకొంటి నని చెప్పి, యొక డిటెక్టివు ఆతనిఁ గాల్చి చంపును.