ఇంటిగోడనుండి బడిగంటకు: సౌదీ అరేబియాలో బాలల కళాశిక్షణ

బాలలకు కళను పరిచయము చేయుట యనునది పాఠశాలలు వెలసిన పిమ్మటనే పుట్టిన కార్యమని తలచుట విద్యాచరిత్ర వ్రాయువారికి ఒక అలవాటు. వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ 1897లో బాలల చిత్రశాలను తెరచుటతో కథ నారంభించి, ఆంగ్లవిమర్శకుడు హెర్బర్ట్ రీడ్ కళాముఖమున విద్య గరపుటను గూర్చి 1943లో ప్రకటించిన గ్రంథముతో దానికి సిద్ధాంతపీఠమును గట్టి, అటుపిమ్మట ఒక్కొక్క దేశము ఆ వెలుగును ఎప్పుడెప్పుడు అందుకొన్నదో లెక్కించుచు పోవుదురు. ఆ క్రమము ఐరోపాఖండమునకు చక్కగా నప్పునేమో కాని, అరేబియా ద్వీపకల్పమునకు పట్టించి చూచినచో కథ తలక్రిందులగును. అచ్చట బడి యెరుగని కాలముననే కొండనాటి బాలిక చేత కుంచె యుండెను. బడి వచ్చి, చిత్రలేఖనమునకొక గంటయు, దానికొక ఉపాధ్యాయుడును ఏర్పడిన తరువాతనే ఆ కుంచెకు ఏమి చేయవలెనో తోచని దశ యొకటి సంప్రాప్తమైనది.

సౌదీ రాజ్యమునకు నైరృతిదిక్కున, ఎర్రసముద్రతీరపు మైదానమునుండి నిట్టనిలువుగా లేచిన పర్వతపంక్తులపై అసీర్ మండలము కలదు. ఎడారిదేశమని మనము మనసులో చిత్రించుకొన్న రూపమునకు ఈ ప్రాంతము బొత్తిగా విరుద్ధము. వానలు పడును, కొండచరియలపై మెట్లుమెట్లుగా పొలములు పండును, పొగమంచు గ్రామములను కప్పివేయును. ఇచ్చటి గృహములను కట్టుట పురుషుల పని. లోపలి గోడలను అలంకరించుట స్త్రీల పని. అతిథులు కూర్చుండు గదిలో తెల్లని జిప్సము పూతపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ, నలుపు వన్నెలతో అడ్డుపట్టీలు, త్రిభుజములు, చతురస్రములు, జాలకములు, మొక్కలను స్ఫురింపజేయు గురుతులు ఒకదానిపై నొకటి పేర్చి, గోడ యంతయు నింపుదురు. దీనినే వారు అల్-ఖత్ అని పిలుతురు. 2017లో యునెస్కో సంస్థ దీనిని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది.

మన ప్రస్తుతాంశమునకు ముఖ్యమైనది ఆ చిత్రముల అందము గాదు, ఆ విద్య చేతులు మారిన విధానము. ఇల్లాలు తన గోడను చిత్రింపదలచినపుడు చుట్టపక్కములలోని ఆడువారిని వయోభేదము లేకుండ పిలుచును. ఆరితేరిన చేయి ముందుగా గీతలను నిర్ణయించును. తక్కినవారు ఆ గీతలనడుమ రంగులు నింపుదురు. ఆ తక్కినవారిలో చిన్నపిల్లయు ఒకతె. ఆమెకు పాఠము చెప్పువారు లేరు. చూచుట, చేయుట, ఈ రెండే ఆమెకు గురువులు. మన తెలుగింటి ముంగిట తల్లి ముగ్గు పెట్టుచుండగా ప్రక్కన గొంతుకూర్చుండి మిగిలిన పిండితో తనదొక చిన్న ముగ్గు వేయు పిల్లను చూచినవారికి ఈ పద్ధతిని వివరించి చెప్పనక్కరలేదు. అయితే ఒక భేదమున్నది: అసీర్ బాలిక చేసినది ప్రక్కన తుడిచివేయదగిన అభ్యాసము గాదు, అతిథులు చూచు గోడలో అదియొక భాగమై నిలుచును. చిన్నతనమునందే నిజమైన పనిలో నిజమైన పాలు పొందుట యను ఈ గౌరవమును తరువాతి పాఠశాలలు ఏవియు బాలలకు ఈయలేకపోయినవని నా నమ్మకము.

అసీర్ మండలములోని రిజాల్ అల్మా ప్రాంతమునకు చెందిన ఫాతిమా అబూ గహాస్ ఈ విద్యకు ఇరువదవ శతాబ్దమున ప్రతినిధిగా నిలిచిన చిత్రకారిణి. తల్లివద్ద నేర్చినది, పరుల యిండ్ల గోడలను చిత్రించి జీవనము గడపినది, వార్ధక్యమున ఇతర స్త్రీలకు ఈ విద్యను గరపి, 2010లో కన్నుమూసినది. పెద్ద కొలువుకూటములు, సిమెంటు గోడలు, దుకాణమున దొరకు రంగుల డబ్బాలు వచ్చి ఈ కళ మరుగునపడుచున్న కాలమున ఆమెవంటివారు లేకున్నచో నేడు యునెస్కో జాబితాలో చేర్చుటకు మిగిలియుండెడిది బహుశః పాత ఛాయాచిత్రములే.

కొండనాట బాలికకు గోడ యుండగా, మక్కా, మదీనా, జెద్దా నగరములలో బాలునకు పలక యుండెను. కుత్తాబు లనబడు వీథిబడులలో కొయ్యపలకపై రెల్లుకలముతో ఖురాను వాక్యములను వ్రాసి, కంఠస్థము చేసి, కడిగివేసి, మరల వ్రాయుటయే విద్య. అందు అక్షరము యొక్క ఒంపునకును నిడుపునకును గల కొలతలు బాలుని చేతికి అలవడుచుండెను గనుక, చిత్రకళ యను పేరు లేకున్నను రేఖాజ్ఞానము లేదనుటకు వీలులేదు. 1905లో జెద్దాలో ముహమ్మద్ అలీ జైనల్ స్థాపించిన అల్-ఫలాహ్ పాఠశాల ఈ పలకబడికిని నూతనవిద్యకును నడుమ వంతెన వేసినది. మక్కా నివాసియగు లిపికారుడు ముహమ్మద్ తాహిర్ అల్-కుర్దీ కైరోలో లిపివిద్య నభ్యసించి వచ్చి, ఖురానును స్వహస్తమున వ్రాసి ముద్రణకిచ్చుటయే గాక, బడిపిల్లలకై దస్తూరీ పుస్తకములను గూడ కూర్చెను. అంతటి లిపికారుడు పసివాని కాపీపుస్తకము వ్రాయుటకు పూనుకొనుట నాకు మిక్కిలి గౌరవముగ దోచును. మన విద్వాంసులలో ఎందరికి అట్టి ఓపిక యుండెనో ఆలోచింపదగినది.

ఇక ఈ దేశమున చిత్రకళాశిక్షణను గూర్చి వ్రాయువాడు రూపనిషేధమను ప్రశ్నను దాటిపోవుటకు వీలులేదు. ప్రాణముగల వాని రూపమును కల్పింపరాదను కట్టుబాటు ప్రవక్త వచనములగు హదీసులపై ఆధారపడినది. అయితే చిత్రించి బ్రదుకు ఒకనికి, నీకు తప్పనిసరియైనచో చెట్లను, ప్రాణము లేని వస్తువులను చిత్రింపుమని ప్రవక్త సహచరుడగు ఇబ్న్ అబ్బాస్ సలహా యిచ్చిన వృత్తాంతమును ఆ హదీసులలోనే కలదు. ప్రవక్త యింట ఆయన భార్య ఆయిషా చిన్నతనమున బొమ్మలతో ఆడుకొన్న ఉదంతమును ఆధారము చేసికొని, పిల్లల ఆటబొమ్మలను పెక్కుమంది ధర్మశాస్త్రవేత్తలు నిషేధమునుండి మినహాయించిరి. అనగా శాస్త్రము బాలల విషయమున కొంత తలుపు తెరచియే యుంచినది. దానిని సందు లేకుండ మూసినది తరువాతి కాలపు జంకు. ఇదే దేశమున హాయిల్ సమీపమందలి జుబ్బా, షువైమిస్ శిలలపై వేలకొలది యేండ్లనాటి ఒంటెలు, వేటకుక్కలు, మనుష్యులు చెక్కబడియుండుటయు, వానిని యునెస్కో 2015లో ప్రపంచవారసత్వముగా గుర్తించుటయు చరిత్ర చేసిన ఒక చమత్కారము.

1953లో విద్యామంత్రిత్వశాఖ ఏర్పడి, తరువాత రాజైన ఫహద్ దానికి తొలి మంత్రి యయ్యెను. ఆ దశాబ్దము ముగియకముందే బాలుర పాఠశాలల ప్రణాళికలో చిత్రలేఖనమునకును చేతిపనులకును చోటు కలిగెను. విద్యార్థుల చిత్రములతో పాఠశాలా ప్రదర్శనలును మొదలయ్యెను. కాని నేర్పువారెవరు? దేశమున శిక్షితులైన చిత్రోపాధ్యాయులు లేకుండుటచే ఈజిప్టు మొదలగు అరబ్బు దేశములనుండి రప్పింపవలసివచ్చెను. వారితో ఆ దేశపు ప్రణాళికయు వచ్చెను: వస్తువును ముందుంచి గీయుట, ఆవృత్తాలంకారములు, కొయ్యపని, మట్టిపని, అచ్చువేయుట. ఇవి చేతికి క్రమశిక్షణ నిచ్చునవే, కాదనను. అయినను ఆ దినములలోనే అదే ఈజిప్టులో, పిరమిడ్ల చేరువనున్న హర్రానియా గ్రామమున, రమ్సీస్ వీసా వాసెఫ్ అను వాస్తుశిల్పి పల్లెపిల్లలకు మగ్గములిచ్చి అపూర్వమైన ప్రయోగము నడుపుచుండెను. ముందుగా నమూనా గీయరాదు, పరుల చిత్రములను చూచి అనుకరింపరాదు, పెద్దలు విమర్శింపరాదు. ఇవియే ఆయన పెట్టిన నియమములు. అక్షరము రాని పిల్లలు నేసిన ఆ తెరలు పిమ్మట ఐరోపా ప్రదర్శనశాలలకు పోయినవి. అట్టి స్వేచ్ఛ తనిఖీదారునకును పరీక్షకును జవాబు చెప్పవలసిన ప్రభుత్వపాఠశాలకు ఎట్లు చేరగలదు? ఎరువు తెచ్చుకొనిన ప్రణాళికలో నియమములు వచ్చినవి, ప్రయోగములు రాలేదు.

స్వదేశమందే ఉపాధ్యాయులను తయారుచేయు సంకల్పముతో 1965లో రియాద్ నగరమున కళావిద్యాసంస్థ వెలసినది. సౌదీ కళాచరిత్రలో దీని స్థానము మిక్కిలి పెద్దది. ఏలయనగా తరువాతి తరపు చిత్రకారులలో అనేకులు దీనినుండి వెలువడి, పగలు బడిపంతుళ్లుగను, రాత్రులు చిత్రకారులుగను జీవించిరి. జీతము లేక కళ నిలువని దేశములలో బడియే కళాకారుని పోషించు రాజాస్థాన మగుట మన ఆంధ్రదేశమునకును క్రొత్త కాదు. బందరు జాతీయకళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ వంటివారు గురువులుగా నుండుటవలననే గదా మనకొక చిత్రకారుల తరము లభించినది. సౌదీ దేశమున బడికి వెలుపలను కళకు నిలయము లేర్పడెను. మక్కాలో జన్మించి రోమునగరమున చదివి 1964లో పట్టము పొందిన చిత్రకారుడు అబ్దుల్ హలీం రద్వీ జెద్దాలో లలితకళాకేంద్రమునకు అధ్యక్షుడయ్యెను. ఎడారి దిగంతరేఖను చిత్రకళలోనికి దించిన ముహమ్మద్ అల్-సలీం ఫ్లారెన్సునుండి తిరిగివచ్చి రియాద్‌లో కళాగృహమొకటి తెరచెను. 1973లో సంస్కృతి, కళల సంఘము స్థాపితమైనది.

బాలికల ప్రభుత్వవిద్య 1960లో గాని మొదలు గాలేదు. అదియు వేరొక అధికారసంస్థ చేతిలో నుండి, 2002లో గాని విద్యామంత్రిత్వశాఖలో కలియలేదు. అట్టి పరిస్థితులలో 1968లో జెద్దా నగరపు బాలికల పాఠశాల యొకదానిలో, సఫియా బిన్‌జగర్, మునీరా మోస్లీ అను ఇరువురు యువతులు తమ చిత్రములను ప్రదర్శించిరి. స్త్రీల చిత్రములకు ఆ దేశమున లభించిన తొలి వేదిక ఒక బడి యగుట కాకతాళీయము గాదు. బాలికలకు మరియొక బహిరంగస్థల మెచ్చట గలదు? కైరోలోను లండనులోను చదివిన సఫియా, పెండ్లిపాటలు, పిల్లల ఆటలు, పాతజెద్దా వీథులు మొదలగు మాసిపోవుచున్న జీవనమును ఓపికగా చిత్రించి, తన చిత్రములను విదేశములవారికి అమ్ముకొనక దాచిపెట్టి, జెద్దాలో సొంత ప్రదర్శనమందిరమును కట్టించి, అందు స్త్రీలకును పిల్లలకును శిక్షణ యేర్పాటు చేసినది. ఆమె 2024లో పరమపదించినది. అసీర్ కొండలలోని తల్లి గోడపై చేసిన పనిని ఈ నగరవనిత మందిరముతో చేసినదని నేనందును.

ఆ బడి ప్రదర్శనము జరిగిన పిదపటి యేండ్లలో జెద్దా పురాధ్యక్షుడు ముహమ్మద్ సయీద్ ఫార్సీ నగరమంతట వందలకొలది శిల్పములను నిలిపెను. హెన్రీ మూర్, మీరో, కాల్డర్ వంటివారి కృతులు సముద్రతీరపు బాటపై ఎండకును ఉప్పుగాలికిని ఎదురునిలిచినవి. ప్రాణిరూపము పనికిరాదు గనుక అవి అమూర్తశిల్పము లయినవి. అందుచేత ఇతర దేశములలో పెద్దలకే కొరుకుడుపడని ఆధునికశిల్పము జెద్దా పిల్లలకు ఆటస్థలమున తోడుగా దొరకినది. వాస్తుశిల్పి లఫ్వెంతె కట్టిన పెద్ద సైకిలును ఆ నగరపు పిల్లలలో ఎరుగనివారుండరు.

మక్కా మహామసీదు ముట్టడి జరిగిన 1979 తరువాతి రెండు మూడు దశాబ్దములు సంకోచకాలము. చిత్రలేఖనపు గంట ప్రణాళికలో నిలిచియున్నను, దానిని లెక్కింపదగిన విషయముగా నెంచిన తల్లిదండ్రులు కొద్ది. మనిషిబొమ్మ గీసిన పిల్లవానిచేత మెడకడ్డముగా ఒక గీత గీయించి, ఇది ప్రాణము లేనిదని ఒప్పించెడివారని ఆనాటి విద్యార్థులనేకులు చెప్పుకొందురు. ఆ గీత బాలుని చిత్రమునకే గాక ధైర్యమునకును అడ్డుపడియుండును. అయినను అసీర్ రాజధానియగు అభాలో అల్-మిఫ్తాహా కళాగ్రామము వెలసి, అహ్మద్ మాతర్, అబ్దున్నాసర్ ఘారెం వంటి క్రొత్తతరమునకు ఆశ్రయమైనది.

2016 తరువాత గాలి మరలినది. ధహ్రాన్‌లో, తొలిసారి వాణిజ్యస్థాయిలో చమురు పడిన బావికి చేరువనే, అరాంకో సంస్థ నిర్మించిన ఇత్రా సంస్కృతికేంద్రమును ఆ యేటి డిసెంబరులో సల్మాన్ రాజు ప్రారంభించెను. అందు బాలలకొరకే ప్రత్యేకమైన మ్యూజియము కలదు. 2018లో సంస్కృతీమంత్రిత్వశాఖ యేర్పడి, కళలను పాఠశాలలలో నాటుటకు విద్యాశాఖతో చేయి కలిపినది. అల్-ఉలాలో పూర్వము బాలికల బడిగా నుండిన భవనము నేడు చేతిపనుల శిక్షణాలయము. ధనమునకు కొదవ లేదు, భవనములకు అంతకంటె లేదు. ఇది సంతోషింపవలసిన సంగతియే. కాని మెరుగుపెట్టిన మందిరమున, సిద్ధముగా కత్తిరించి యుంచిన కాగితపుముక్కలను అంటించి, ముప్పావుగంటలో ఒక వస్తువును పూర్తిచేసి ఇంటికి తీసికొనిపోవు పిల్ల, అసీర్ గోడకడ నిలిచిన పిల్లకంటె ఎక్కువ నేర్చినదా యనిన, నేను ఔనని చెప్పజాలను.

ఈ పరిశీలనమున మనవారి సంగతియు కొంత చెప్పవలెను. జెద్దాలో 1969లో వెలసిన భారతీయ పాఠశాలలోను, రియాద్, దమ్మామ్ నగరములలోని పాఠశాలలలోను తెలుగుపిల్లలు చదువుచున్నారు. ఎండవేళల అద్దెయిండ్లలోనే గడపవలసిన ఆ పిల్లలకు కాగితము, రంగులు గొప్ప ఊరట. పండుగసభలలో మనవారు చిత్రలేఖనపు పోటీలు నడుపుదురు. 1949లో వ్యంగ్యచిత్రకారుడు శంకర్ పిళ్లై ఆరంభించిన బాలల చిత్రపోటీ మన దేశమంతట నాటిన అలవాటది. ఫలిత మేమనగా, పూరిగుడిసెను ఎన్నడును చూడని రియాద్ బాలుడు రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఏరు, కొబ్బరిచెట్టు, గుడిసె గీసి బహుమతి పొందును. అతని సౌదీ నేస్తము ఖర్జూరవృక్షము, గుడారము, కాఫీకూజా, ఒంటె గీసి తన బడిలో బహుమతి పొందును. ఊరివెలుపల నిలువునా విరిగిపడినట్లుండు తువైక్ కొండయంచు గాని, దుమ్ముగాలి లేచిన మధ్యాహ్నపు నారింజవన్నె ఆకాశము గాని ఇరువురికిని కనబడలేదు. కనబడినను గీయదగినదని చెప్పినవారు లేరు. న్యాయపతి రాఘవరావు దంపతులు 1945లో ఆరంభించిన బాల పత్రికలో పిల్లల పనికి పిల్లల పనిగానే విలువయిచ్చిన సంప్రదాయము మనకున్నదని ఇచ్చట గుర్తుచేయుట అప్రస్తుతము గాదు.

కావున సౌదీ నగరములలోని తెలుగుసంఘముల పెద్దలకు ఒక మనవి. రానున్న ఉగాదికి బాలల చిత్రలేఖనమునకు విషయమును మీరు నిర్ణయింపకుడు; మొదటి, రెండవ బహుమతులను మానుకొని ఆ సొమ్ముతో వెడల్పైన కాగితపుచుట్టలు, మంచి రంగులు కొని, పిల్లలందరును కలిసి చిత్రించునట్లు గోడనిండ పరచి, పెద్దలెవ్వరును దానిని సరిదిద్దకుండ చూడుడు.