యుద్ధకాలమున వెలసిన భావి ప్రపంచ పటము

మహాయుద్ధము జరుగు దినములలో పటములు రెండు తావుల గీయబడుచుండును. సేనానుల శిబిరములలో గీయబడునవి కొన్ని. యుద్ధానంతర లోకమెట్లుండవలెనో యని తలపోయువారి గదులలో గీయబడునవి మరికొన్ని. మొదటి తరగతివి యుద్ధముతోడనే చెల్లిపోవును. రెండవ తరగతివి మాత్రము ఆ కాలపు జనుల ఆశలకును, భ్రమలకును సాక్షులై నిలుచును. అట్టి పటమొకటి 1942వ సంవత్సరారంభమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వెలువడినది. మారిస్ గోంబర్గ్ అను నతడు దానిని రచించి తానే ప్రకటించెను. యుద్ధానంతర నూతన ప్రపంచ పటపు రూపరేఖ యని దాని పేరునకు అర్థము. వాషింగ్టనునందలి కాంగ్రెసు గ్రంథాలయమున దాని ప్రతి భద్రపరుపబడినది.

ఈ పటము 1941 అక్టోబరు నెలలో పూర్తియైనది. ఆ కాలపు స్థితిని స్మరించిన గాని ఇందలి సాహసము తెలియదు. అప్పటికి ఐరోపాలో అధిక భాగము హిట్లరు సేనల పాదాక్రాంతమై యుండెను. ఆ సేనలు మాస్కో దెసకు నడచుచుండెను. పెర్ల్ హార్బరుపై జపాను దాడి డిసెంబరు 7వ తేదీన గాని జరుగలేదు. అనగా అమెరికా యింకను యుద్ధమున దిగకముందే, విజయము లభించినట్లు భావించి, ఒక సామాన్య పౌరుడు భూగోళమును పంచిపెట్టినాడన్నమాట! రూజ్వెల్టు 1941 జనవరి 6న ప్రకటించిన నాలుగు స్వేచ్ఛలే తన ప్రణాళికకు పునాది యని అతడు చాటెను. పటముతో పాటు శాశ్వత శాంతికై నూతన నైతిక ప్రపంచ వ్యవస్థ నేర్పరుచు విధానమును గూడ అచ్చువేసెను.

ఆ పంపకము చిత్రమైనది. కెనడా, మెక్సికో, మధ్య అమెరికా దేశములు, గ్రీన్లాండు, ఐస్లాండు అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలిసిపోయినవి. దక్షిణ అమెరికా ఒక్క సమాఖ్య. ఆఫ్రికా దాదాపుగా ఒక్క గణతంత్ర కూటమి. అరబ్బు దేశములకొక సమాఖ్య, యూదులకొక ప్రత్యేక దేశము ఏర్పడినవి. సోవియట్ రష్యాలో పోలండు, రుమేనియా, హంగేరీ మొదలగు తూర్పు ఐరోపా దేశములే గాక ఇరాను, మంచూరియా సైతము చేరినవి. కొరియా, ఇండోచైనా, సయాము, మలయాలు చీనాకు దక్కినవి. జర్మనీ, ఇటలీ, జపానులు అంటువ్యాధి సోకినవారివలె కొంతకాలము వేరుగా నుంచబడవలసినవి.

భారతదేశమునకు ఇందు లభించిన స్థానము విశేషమైనది. బ్రిటిషు ప్రభుత్వము స్వాతంత్ర్యమను మాటకు వెనుదీయుచున్న రోజులవి. అట్లాంటిక్ ప్రకటనలోని స్వయంనిర్ణయ హక్కు భారతదేశమునకు వర్తింపదని చర్చిలు 1941 సెప్టెంబరులో స్పష్టముచేసెను. మరుసటి నెలలోనే పూర్తియైన ఈ పటమునందు మాత్రము భారతదేశము బ్రిటిషు కూటమికి వెలుపల సమాఖ్య గణతంత్రముగా నిలిచినది! ఈ మాట వినుటకు ఇంపుగనే యుండును. కాని ఆ గణతంత్రములో ఆఫ్గనిస్థానము, నేపాలు, భూటాను, బర్మా గూడ చేర్చబడినవి. ఆ ప్రజల నెవ్వరడిగిరి? 1937లోనే బర్మా భారతదేశమునుండి వేరుపడినది. 1940 మార్చిలో ముస్లిం లీగు లాహోరున చేసిన తీర్మానము అప్పటికే లోకవిదితము. ఆ తీర్మానపు జాడ ఈ పటమున కానరాదు.

పటము అచ్చయిన కాలమున బర్మా సరిహద్దు ఎట్లుండెనో తెలుగువారు బాగుగా నెరుగుదురు. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడినవి. 1942 మార్చిలో ఆ నగరము జపానువారి వశమైనది. ఓడరేవులలోను, బియ్యపు మిల్లులలోను కూలిచేసి బ్రదుకుచుండిన వేలాది తెలుగు కుటుంబములు అడవులు, కొండలు దాటుచు కాలినడకన స్వదేశమునకు బయలుదేరినవి. ఆకలికి, జ్వరమునకు దారిలోనే కూలినవారెందరో! ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై సైతము బాంబులు పడినవి. ఫిలడెల్ఫియాలో ఒక్క కలపుపోటుతో చెరిపివేయబడిన సరిహద్దు, ఆ బాటసారులకు ప్రాణముల వెలగా పరిణమించెను.

యుద్ధము ముగిసిన పిదప లోకము వేరు దారి పట్టెను. తూర్పు ఐరోపాపై రష్యా ప్రాబల్యము నెలకొనుటయు, 1948లో ఇజ్రాయెలు ఏర్పడుటయు గోంబర్గు ఊహకు కొంత దగ్గరగా జరిగినవి. కొరియా చీనాలో చేరలేదు, రెండుగా చీలినది. ఐస్లాండు 1944లో స్వతంత్ర గణతంత్రమయ్యెను. ఆఫ్రికాలో 1960వ సంవత్సరమొక్కటనే 17 దేశములు స్వాతంత్ర్యము పొందినవి. 1991లో సోవియట్ యూనియనే విడిపోయి 15 దేశములైనది. 1945లో 51 సభ్యరాజ్యములతో ఆరంభమైన ఐక్యరాజ్యసమితిలో నేడు 193 కలవు. పదునాలుగు పదునైదు రాజ్యములతో లోకము సరిపుచ్చుకొనునన్న తలంపు ఎంత దూరపుదో ఈ సంఖ్యయే చెప్పుచున్నది.

తరువాతి కాలమున కొందరు ఈ పటమును అమెరికా ప్రభుత్వపు రహస్య పత్రమని ప్రచారము చేసిరి. బహిరంగముగా అచ్చువేసి అమ్మిన పటము, అందును కర్త పేరు ముద్రించినది, రహస్యమెట్లగును? అది ఒక పౌరుని సదుద్దేశము మాత్రమే. ఆ సదుద్దేశమే దానిలోని దోషమును గూడ పట్టియిచ్చుచున్నది. స్వేచ్ఛ పేర గీయబడిన ఆ పటములో ప్రజల సమ్మతికి తావు లేదు.

గోంబర్గు గీతలు కాగితముపైననే నిలిచిపోయినవి. అంతకుముందెన్నడును ఈ దేశమును చూడని రాడ్‌క్లిఫ్ 1947 జులైలో వచ్చి, కొలది వారములలో గీచిన గీత మాత్రము లక్షలాది సంసారములను చీల్చినది. ఆంధ్ర రాష్ట్రము 1953లో ఏర్పడినది ప్రజల కోరికను అనుసరించి. దానికై పొట్టి శ్రీరాములుగారు ప్రాణములనర్పించిరి. ఎవరి గ్రామమును గూర్చి గీత గీయబడునో వారి మాట వినబడవలెను. గ్రంథాలయపు గోడపైనున్న ప్రపంచ పటమును చూచు బాలబాలికలు ఆ రంగుల వెనుకనున్న మనుష్యులను గూడ చూడనేర్చిరేని, చరిత్ర పఠనమునకు అంతకంటె ఫలమేమి కావలెను?