గాజుతొట్టిలో సముద్రపుష్పము

అనకాపల్లి జిల్లాలోని చీడికాడ సముద్రతీరమునకు దూరముగా ఉన్న ఊరు. ఆ మండలమున కోనాం జలాశయపు మంచినీరు కలదు గాని ఉప్పునీరు లేదు. అట్టిచోట కూడ నేడు ఒక గాజుతొట్టి, తగిన లవణమిశ్రమము, విద్యుత్తు ఉన్నచో పగడపు దిబ్బలలో తిరుగాడు క్లౌన్ చేపను పెంచవచ్చును. సముద్రమును ఇంటికి తెచ్చుకొను ఈ విద్య మానవునికి ఎట్లు అలవడినది? చేపతోపాటు దాని నేస్తమగు సముద్రపుష్పమును కూడ తెచ్చుట తగునా?

సముద్రపుష్పము పేరునకే పుష్పము. నిజమునకది పగడములకు చుట్టమైన జంతువు. దాని నోటిచుట్టును గల స్పర్శకములలో దంశకణములుండును. తగిలిన చిన్న ప్రాణులను అవి విషపు ముళ్లవలె గ్రుచ్చి పట్టుకొనును.

స్కాట్లండులో సర్ జాన్ డాలియల్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1828లో ఒక సముద్రపుష్పమును సేకరించి, తరచుగా సముద్రజలము మార్చుచు గాజుపాత్రలో పెంచినాడు. ఆయన 1851లో మరణించినను, అది ఇతరుల పోషణలో 1887 వరకు జీవించినది. అందరును దానిని 'అవ్వ' అని పిలిచెడివారు.

నీరు మార్చనక్కరలేని తొట్టికై ప్రయత్నములు సాగినవి. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్, నీటిమొక్కలు వెలుతురులో విడుచు ఆక్సిజన్ చేపలకును, చేపలు విడుచు కార్బన్ డయాక్సైడు మొక్కలకును ఉపకరించునని ప్రయోగపూర్వకముగా చూపినాడు. 1854లో ఫిలిప్ గాస్ వ్రాసిన 'ది అక్వేరియం' గ్రంథముతో ఈ వేడుక ఇంటింటికి ప్రాకినది. జనులు తీరమునకు పోయి రాళ్లమధ్యనున్న జీవులను పెరికి తెచ్చిరి. గాస్ గ్రంథములు చదివినవారే ఆ మడుగులను పాడుచేసిరని ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907లో విచారముతో వ్రాసినాడు.

క్లౌన్ చేపల స్నేహమును 1868లో కాలింగ్‌వుడ్ చైనా సముద్రమున గమనించి ప్రకటించినాడు. 1888లో స్లూయిటర్ బటావియాలో తొట్టెలలో పరీక్షించగా, సముద్రపుష్పము తోడులేని చేపలు ఇతర చేపల వాతబడినవి, తోడున్నవి బ్రతికినవి. మరి దంశకణములు ఈ చేపనేల కుట్టవు? 1958లో డావెన్‌పోర్ట్, నారిస్ అను శాస్త్రజ్ఞులు, చేప శరీరముపై గల జిగురే దానికి కవచమని నిర్ణయించినారు. ఆ జిగురులోని రహస్యముపై పరిశోధనలు నేటికిని సాగుచున్నవి.

మన ప్రాంతము మద్రాసు రాజధానిలో ఉన్న దినములలో, 1909లో మద్రాసు సముద్రతీరమున ఒక అక్వేరియం వెలసినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అది మూతబడినది. 1970 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలో మార్టిన్ మో క్లౌన్ చేపలను వ్యాపారస్థాయిలో తొట్టెలలోనే పుట్టించి పెంచినాడు. 1947లో స్థాపింపబడిన మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థయు ఈ చేపల సంతానోత్పత్తి పద్ధతులను రూపొందించినది.

ఇచట ఒక ముఖ్యవిషయము గమనింపదగును. పగవారులేని తొట్టిలో ఈ చేప సముద్రపుష్పము లేకయే బ్రతుకును, గ్రుడ్లు పెట్టును. సముద్రపుష్పము సంగతి వేరు. 'అవ్వ' చల్లని సముద్రములకు చెందినది. మాంసపు తునుకలతో దానికి సరిపోయినది. ఉష్ణమండలపు జాతుల కణజాలమున సూక్ష్మశైవలములు నివసించి, సూర్యరశ్మితో ఆహారము చేసి పెట్టును. వెలుతురు చాలనిచో శైవలములు తొలగి, ఆ జీవి తెల్లబడి క్షీణించును. చచ్చి క్రుళ్లినచో అమ్మోనియా పెరిగి చేపలను కూడ చంపును. అమ్మోనియాను మార్చు బాక్టీరియా క్రొత్తతొట్టిలో చాలినంత ఉండవు. అవి వృద్ధిపొందుటకు వారములు పట్టును.

కనుక పాఠశాలలో తొట్టి పెట్టదలచినవారు, తొట్టెలలో పుట్టిన చేపలతో ప్రారంభించుట మేలు. తనంతట తాను రెండుగా చీలి వృద్ధియగు సముద్రపుష్పజాతి యొకటి కలదు. అట్లు తొట్టిలో పెరిగినదానిని, తొట్టి కుదురుకొన్న పిమ్మట, ప్రకాశవంతమైన దీపములు అమర్చి తెచ్చుకొనవచ్చును. సముద్రమున ఉన్నదానిని అచటనే ఉండనిచ్చుట ఉత్తమము. అరువది ఏండ్లు బ్రతుకగల ప్రాణిని ఆరునెలల వేడుకకై తెచ్చుట విజ్ఞానము కాదు.