వైద్యశాలా నిర్ణయములలో నర్సుల స్థానము

వైద్యశాలల చరిత్రను భవనముల చరిత్రగను, ప్రసిద్ధ వైద్యుల చరిత్రగను వ్రాయుట పరిపాటి. రోగి మంచము ప్రక్కన రేయింబవళ్లు నిలుచు నర్సు ఆ చరిత్రలో పేరులేని పాత్రగనే మిగిలిపోయినది. ఆమె సేవను లోకము మెచ్చుకొన్నది గాని, ఆమె అభిప్రాయమును చిరకాలము అడుగలేదు. ఆజ్ఞను పాటించు స్థితినుండి నిర్ణయమున పాలు పంచుకొను స్థితికి నర్సులు మూడు మెట్లుగా వచ్చిరి. మొదట మేట్రనుకు అధికారము లభించెను. పిమ్మట వృత్తికి చట్టబద్ధమైన ప్రతిపత్తి కలిగెను. తుదకు వార్డులోని సామాన్య నర్సుకు ఆలోచనా సభలో చోటు ఏర్పడుచున్నది. ఈ మూడవ మెట్టు మన దేశమున ఇంకను అసంపూర్ణము. రెండు మూడు భాషలు కలిసి జీవించు ప్రాంతములలో స్థిరపడిన తెలుగువారికి దీనితో ప్రత్యేక సంబంధము కలదు.

మొదటి మెట్టునకు మూలము ఫ్లారెన్స్ నైటింగేల్. క్రిమియా యుద్ధకాలమున, 1854లో, ఆమె నర్సుల బృందముతో సైనిక వైద్యశాలకు వెళ్లినది. గాయములవలన చనిపోయినవారికంటె, నివారింపదగిన వ్యాధులవలన చనిపోయిన సైనికులే ఎక్కువ యని ఆమె 1858లో అంకెలతోను, పటములతోను నిరూపించినది. అధికారులు ఆమె మాట వినుటకు కారణము కేవలము ఆమె దయాగుణము కాదు. ఆమె చేతనున్న లెక్కయే. 1860లో లండను సెయింటు థామస్ వైద్యశాలలో ఆమె పేర శిక్షణాలయము వెలసినది. నర్సుల పనికి సంబంధించిన బాధ్యత యంతయు మేట్రను చేతిలో నుండవలెనన్నది ఆమె ఏర్పరచిన పద్ధతి. అయితే ఆ అధికారము మేట్రను గదిలోనే ఆగిపోయినది. క్రిందిస్థాయి నర్సుకు విధేయతయే పరమధర్మముగ నేర్పబడినది.

ఆ పద్ధతియే మన దేశమునకును వచ్చినది. 1888లో కేథరిన్ లోక్ మొదలగు పదిమంది బ్రిటిషు నర్సులు సైనిక వైద్యశాలలలో పనిచేయుటకై భారతదేశమున అడుగిడిరి. 1905లో లక్నో నగరమున నర్సింగు సూపరింటెండెంట్ల సంఘము స్థాపింపబడగా, 1908లో భారత శిక్షిత నర్సుల సంఘము ఆవిర్భవించినది. తొలినాటి ఆ సంఘమును నడిపినవారు ఐరోపీయ స్త్రీలే. దేశీయ నర్సు వారి క్రింద పనిచేయవలసినదే. పరాయివారి శరీరమును తాకు పని తక్కువదను కులాభిమానమును, రాత్రివేళ ఇల్లు విడిచిపోవు స్త్రీని శంకించు లోకరీతియు ఆమెను మరింత క్రుంగదీసినవి. వీథిలో గౌరవము లేనివారికి సభలో ధైర్యము కలుగుట కష్టము.

రెండవ మెట్టులో మద్రాసు రాజధాని చేసిన పని ముఖ్యమైనది. 1926లో ఇచ్చట నర్సుల, మిడ్‌వైఫుల చట్టము వచ్చినది. దానితో శిక్షణ పొందినవారి పేర్లు రిజిస్టరులో చేరుటకు ఏర్పాటు జరిగినది. నాటి రాజధాని ఎల్లలను జ్ఞప్తికి తెచ్చుకొనినచో ఈ చట్టము యొక్క విస్తృతి తెలియును. నేడు ఒడిశాలోనున్న బరంపురము, కోరాపుట్టు ప్రాంతములు 1936 వరకును, కర్ణాటకములోనున్న బళ్లారి 1953 వరకును ఆ రాజధానిలోనివే. మద్రాసు, వేలూరు సరేసరి. కోలారు మైసూరు సంస్థానమునను, మరాఠ్వాడా నైజాము పాలనలోను, యానాము ఫ్రెంచివారి చేతిలోను ఉండుటచే ఆ చట్టము వాటికి వర్తింపలేదు. అయినను నేటి ఎల్లలకు వెలుపల తెలుగువారు నివసించు పట్టణములలో పలువి నాడు ఒకే చట్టము క్రింద నుండెను.

చట్టము గుర్తింపు నీయగలదు. విద్య ధైర్యము నీయగలదు. ఇందుకు వేలూరు చక్కని నిదర్శనము. రాణిపేటలో జన్మించిన అమెరికను వైద్యురాలు ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క పడకతో అచ్చట వైద్యము ప్రారంభించినది. 1902లో షెల్ ఆసుపత్రి వెలసినది. 1909లో నర్సుల శిక్షణాలయము ఏర్పడినది. స్త్రీలకై వైద్యవిద్యాలయము దానికి తొమ్మిదేండ్ల తరువాత, 1918లో గాని రాలేదు. 1946లో వేలూరునందును, ఢిల్లీయందును నర్సింగులో పట్టపరీక్షకు చదువు మొదలైనది. చేతిపనిగా చూడబడిన వృత్తి విశ్వవిద్యాలయపు గడప దాటినది. చిత్తూరు సీమలో అధికభాగము 1911 వరకు వేలూరుతోపాటు ఉత్తరార్కాడు జిల్లాలోనిదే. కావున ఆ వైద్యశాల వాకిట తెలుగు వినబడుట మొదటినుండియు వింత కాదు.

అదే 1946లో భోర్ సంఘము తన నివేదికను సమర్పించినది. దేశమున 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు మాత్రమే యున్నదని అది లెక్క తేల్చినది. 1947 డిసెంబరు 31వ తేదీన భారత నర్సింగు కౌన్సిలు చట్టము వెలువడినది. ప్రతి రాష్ట్ర కౌన్సిలు నుండి నర్సులలో ఒకరు ఎన్నికై అఖిలభారత సభలో కూర్చొను హక్కు దానివలన లభించినది. తరువాత 1987లో నియమితమై, సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన పనిచేసిన ఉన్నతాధికార సంఘము నర్సుల విద్యను, సేవానిబంధనలను, బాధ్యతలను విచారించినది. 2023లో పార్లమెంటు 1947 నాటి చట్టమునకు బదులుగా జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషనును ఏర్పరచుటకు క్రొత్త చట్టము చేసినది.

ఢిల్లీ సభలో ప్రతినిధి యున్నంతమాత్రమున వార్డులోని నర్సు నోరు తెరువదు. ఈ సత్యము అమెరికాలో ముందుగ గుర్తింపబడినది. 1983లో అచ్చటి నర్సింగు అకాడమీ 163 వైద్యశాలలను పరిశీలించి, నర్సులు విడిచిపోక నిలిచియున్న 41 వైద్యశాలలను వేరుపరచినది. నిర్ణయములలో నర్సులకు పాలు గల పాలనాపద్ధతి వాటి ముఖ్య లక్షణములలో నొకటి. ఆ దశాబ్దిలోనే టిమ్ పోర్టర్ ఓగ్రేడీ మొదలగువారు భాగస్వామ్య పాలనా విధానమును ప్రచారము చేసిరి. దీని ప్రకారము వార్డు వార్డుకును ఒక మండలి యుండును. రోగిసేవా పద్ధతులు, నాణ్యత, శిక్షణ అను విషయములను నర్సులే చర్చించి నిర్ణయింతురు.

ఆసనము వేసి కూర్చొనుమన్నంతనే నాయకత్వము రాదు. ఏండ్ల తరబడి చెప్పినది చేసిన స్త్రీ మొదటి సభలో మౌనము వహించుట సహజము. ఆ మౌనమును అసమర్థత యని భావించుట పొరపాటు. పని గంటలలోనే సభకు సమయము కేటాయింపవలెను. లేనిచో సభ అదనపు బరువగును. చిన్న విషయములతో ఆరంభింపవలెను: వంతు మారునపుడు రోగి సమాచారమును అప్పగించు తీరు, కట్టు గుడ్డల నిల్వ, బంధువులను అనుమతించు వేళలు. అధ్యక్షస్థానము వంతులవారీగా తిరుగవలెను. నైటింగేల్ వలె ప్రతి వాదమునకు లెక్క తోడు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగ, సభ చేసిన నిర్ణయము అమలైనదో లేదో, కానిచో ఎందుకు కాలేదో తిరిగి సభకు తెలుపవలెను. తన మాటవలన ఒక్క పద్ధతియైన మారినదని కన్నులార చూచిన నర్సు మరల మాటాడుటకు వెనుదీయదు.

ఇట్లు చేసినచో బాధ్యత చెల్లాచెదరగునని కొందరి ఆక్షేపణ. అది కొంతవరకు గ్రాహ్యమే. ప్రాణాపాయ సమయమున ఓటు తీసుకొనుట కుదరదు. చికిత్సా నిర్ణయము వైద్యునిదే. కాని రోగి మందు మ్రింగెనా, చెప్పినది గ్రహించెనా, ఇంటికి పోయి పథ్యము పాటింపగలడా అనునవి నర్సుకే ముందు తెలియును. ద్విభాషా ప్రాంతములందు ఇది మరింత నిజము. తమిళమునందో, కన్నడమునందో, ఒడియాలోనో వ్రాసిన సూచన తెలుగు మాత్రమే తెలిసిన వృద్ధురాలికి నిరుపయోగము. అర్థము కాకున్నను ఆమె తల యూపును. వైద్యుడు అర్థమైనదని భావించి ముందునకు పోవును. ఆ తలయూపులోని సందేహమును కనిపెట్టునది నర్సు. ఆమెకు సభలో మాట లేనిచో ఆ వృద్ధురాలికిని మాట లేనట్లే.

కావున ఈ విషయము కేవలము ఒక వృత్తివారి హక్కుల చర్చ కాదు. తరతరములుగా పొరుగు భాషల నడుమ జీవించుచు ఇరుభాషలను స్వంతము చేసికొన్న తెలుగు కుటుంబముల ఆడపడుచులకు ఈ రంగమున సహజమైన యోగ్యత కలదు. వారిని నర్సింగు చదువునకు ప్రోత్సహించుట, చదివినవారిని సమాజమున గౌరవించుట, వారి అభిప్రాయమును వైద్యశాలల పాలకవర్గములు అడుగునట్లు చూచుట తెలుగు సంఘములు చేయదగిన పనులు. మొదటి రెండు మెట్లను కట్టినవారు నర్సులును, శాసనకర్తలును. మూడవ మెట్టు దృఢముగ నిలువవలెనన్నచో ఇరుగుపొరుగు గౌరవము కూడ అందులో రాయిగా చేరవలెను.