టప్పాల సంచి నుండి పోర్టల్ దాకా

రాజుల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు. ఫైళ్ళ చరిత్ర మాత్రం మనలాంటి గుమాస్తాలే రాయాలి. మన పిల్లల్లో, మనవల్లో విశ్వవిద్యాలయాల్లో చేరినవారు ఉన్నారు గనుక, పరిశోధన గ్రాంటు దరఖాస్తు కంప్యూటర్‌లోకి వెళ్ళిన కథను ఎంచుకున్నాను.

పాత పద్ధతి మనకు కొత్త కాదు. ప్రొఫెసరు ప్రతిపాదన రాస్తే అది టైపయ్యేది. సెక్షన్‌లో బడ్జెట్ కూడికలు సరిచూసేవారు. శాఖాధిపతి సంతకం, రిజిస్ట్రారు కవరింగ్ లెటరు, ఆఫీసు ముద్ర పడ్డాక నకళ్ళన్నీ కట్టగట్టి రిజిస్టర్డ్ పోస్టులో ఢిల్లీకి పంపేవారు. కాగితమేదైనా తక్కువైతే అక్కడి నుండి ఉత్తరం వచ్చేది. ఆలస్యమయ్యేది నిజమే, కాని చెప్పుకోవడానికి అవతల ఒక మనిషి ఉండేవాడు.

ఈ మార్పుకు తొలి అడుగులు అమెరికాలో పడ్డాయి. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1994లో ఫాస్ట్‌లేన్ అనే ఏర్పాటును ప్రయోగంగా మొదలుపెట్టి, 2000 అక్టోబరు 1 నుండి ప్రతిపాదనలు దాని ద్వారానే పంపాలన్నది. అదే నెల 17న మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం అమల్లోకి వచ్చి, కంప్యూటర్ రికార్డుకూ డిజిటల్ సంతకానికీ చట్టబలం చేకూరింది.

దారి నున్నగా ఏమీ సాగలేదు. అన్ని శాఖల గ్రాంటులకూ ఒకే ద్వారంగా 2003లో అమెరికా ప్రభుత్వం గ్రాంట్స్ డాట్ గవ్ తెరిచింది. తొలినాళ్ళలో దాని ఫారాలు విండోస్ కంప్యూటర్ల మీదే తెరుచుకునేవి. మెకింటాష్ వాడే ప్రొఫెసర్లు అవస్థపడ్డారు. 2009లో ఆర్థిక ఉద్దీపన నిధుల కోసం దరఖాస్తులు వెల్లువెత్తగా, ఇతర మార్గాల్లో కూడా వాటిని తీసుకోవచ్చని ప్రభుత్వమే శాఖలకు చెప్పవలసి వచ్చింది. అక్కడి ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ గడువు దాటాక కూడా తప్పులు దిద్దుకోవడానికి రెండు పనిదినాలు ఇచ్చేది. 2011 జనవరి 25 నుండి ఆ వెసులుబాటు తీసేశారు. చాలా విశ్వవిద్యాలయాల పరిశోధన కార్యాలయాలు అసలు గడువుకు కొన్ని రోజుల ముందే తమ సొంత గడువు పెట్టుకోవడం వెనుక ఇలాంటి భయమే ఉంది.

మన దేశానికి వస్తే, 1971లో ఏర్పడిన శాస్త్ర సాంకేతిక శాఖ ఇప్పుడు ప్రతిపాదనలను ఈ-పీఎంఎస్ పోర్టల్‌లో తీసుకుంటుంది. 2008 నాటి చట్టంతో వచ్చిన సెర్బ్ కూడా ఆన్‌లైన్‌లోనే తీసుకునేది. 2023 చట్టంతో దాని స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. వింతేమిటంటే కాగితం ఇంకా పోలేదు. సంస్థ అధిపతి ఎండార్స్‌మెంటును ముద్రించి, సిరాతో సంతకం చేయించి, ముద్ర వేసి, స్కాన్ చేసి మళ్ళీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. గ్రాంటు వచ్చాక పాత యూటిలైజేషన్ సర్టిఫికెట్ తప్పదు. దాని ఫారానికి ఇప్పుడు 12-ఎ అని నంబరు.

మేలు లేదనడం అన్యాయం. మన పాత నిజామాబాద్ జిల్లాలో, డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. పోర్టల్ ముందు 1918 నాటి ఉస్మానియాకూ దానికీ ఢిల్లీ ఒకే దూరం. అయితే ఆఖరి గంటలో కరెంటో నెట్టో పోతే ఆ దూరం మళ్ళీ పెరుగుతుంది. కౌంటరు గుమాస్తా అయితే "రేపు తెచ్చివ్వండి బాబూ" అనగలడు. యంత్రానికి రేపు అనే మాట తెలియదు. అందుకే ముందు రోజే ఫైలంతా సరిచూసే గుమాస్తా విలువ తగ్గకపోగా పెరిగింది.

మనకూ ఇదే వర్తిస్తుంది. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలయ్యాక వేలిముద్రతో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వగలుగుతున్నాం. వయసుతో గీతలు అరిగి వేలిముద్ర పడనివారికి 2021లో ముఖం గుర్తించే పద్ధతి వచ్చింది. ఏ పని అయినా ఆఖరి రోజుకు వదలకండి, రసీదు నంబరు రాసి దాచుకోండి. ప్రభుత్వానికి మన సంఘం తరఫున ఒక్క విన్నపం: ఎన్ని పోర్టళ్ళు పెట్టినా, ప్రతిదాని వెనుక ఫోనెత్తి మాట్లాడే ఒక గుమాస్తాను ఉంచండి.